అమ్మమ్మ గొంతుతో అద్భుతం!

'మ్యాజిక్ రియలిజం'... పేరు వినగానే భయపడక్కర్లేదు. కథలో ఒక మాయ జరుగుతుంది. ఇంట్లో పని మాత్రం ఆగదు. అంతే!

కొలంబియా రచయిత గాబ్రియెల్ గార్సియా మార్క్వెజ్ (1982లో నోబెల్ వచ్చింది) 1968లో 'ఎ వెరీ ఓల్డ్ మ్యాన్ విత్ ఎనార్మస్ వింగ్స్' అనే కథ రాశాడు. రెక్కలున్న ముసలాయన ఒకరి పెరట్లో, బురదలో పడి ఉంటాడు. ఇంటావిడ ఎలిసెండా, ఆమె భర్త అతణ్ణి కోళ్లగూట్లో పెడతారు. చూడ్డానికొచ్చిన వాళ్ల దగ్గర మనిషికి 5 సెంట్లు వసూలు చేసి మేడ కట్టేస్తారు! చివరికతను ఎగిరిపోతుంటే ఎలిసెండా ఉల్లిపాయలు తరుగుతూ 'హమ్మయ్య' అనుకుంటుంది. ఆ 5 సెంట్లు, ఆ ఉల్లిపాయలే మనచేత రెక్కల్ని నమ్మిస్తాయి. ఎంత వింతనైనా మామూలు మొహంతో చెప్పడం అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నానని మార్క్వెజ్ చెప్పేవాడు.

మెక్సికో రచయిత్రి లారా ఎస్క్వివెల్ నవల 'లైక్ వాటర్ ఫర్ చాకొలెట్' (1989) అచ్చంగా వంటింటిదే. 12 అధ్యాయాలు, అధ్యాయానికో వంటకం. ఆఖరి కూతురు పెళ్లి మానుకుని తల్లికి సేవ చెయ్యాలన్నది ఆ ఇంటి కట్టుబాటు. అందుకని టీటా ప్రేమించిన అబ్బాయిని ఆమె అక్కకిచ్చి చేస్తారు. పెళ్లి కేకు తయారుచేస్తుంటే టీటా కన్నీళ్లు అందులో పడతాయి. తిన్నవాళ్లంతా భోరుమంటారు. నోరు విప్పలేని పిల్ల దుఃఖం అలా అందరికీ చేరింది. మాయ ఉన్నది అందుకే, తమాషాకి కాదు.

ఇవి చదివాకే మా పెద్దమ్మ కథ రాశాను. ఆవిడ చదువుల్లో ఫస్టు. 8వ తరగతిలో బడి మాన్పించి పెళ్లి చేశారు. ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తరు. నా కథలో ఆవిడ వాకిలి ఊడ్చినప్పుడల్లా చీపురుకి అక్షరాలు తగులుతాయి. "ఈమధ్య చెత్త ఎక్కువైంది" అని అత్తగారు విసుక్కుంటుంది. పెద్దమ్మ వాటిని చేటలో చెరిగి, గట్టివి ఏరి డబ్బాలో పోసుకుంటుంది.

మొన్న ఆవిడకి చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "డబ్బా బయటే ఉంచితే మా అత్తగారు పారేస్తుందే! బియ్యం డ్రమ్ములో అడుగున దాచానని రాయి" అంది. అలాగే రాశాను.

మీ ఇంట్లోనూ ఎవరూ ఎత్తని సంగతి ఒకటి ఉండే ఉంటుంది. దానికి ఒక్క మాయ చాలు. మిగతాదంతా పాల లెక్కంత కచ్చితంగా ఉండాలి. మధ్యాహ్నం వంటిల్లు సర్దాక ఓ నోటు పుస్తకం తీసి చూడండి!