అతిథులకు రొయ్యల సలాడు

మన కోస్తా గ్రామములలో 2009లో వనామీ పెంపకమునకు అనుమతి లభించిన పిదప చెరువు రొయ్య విరివిగా దొరకుచున్నది. చుట్టములు అనుకొనకుండ వచ్చినపుడు అరగంటలో సిద్ధమగు వంటకమిది.

నలుగురికి ఒలిచిన రొయ్యలు అరకిలో, కీరదోసకాయలు 2, ఉల్లిపాయ 1, పచ్చిమిర్చి 2, నిమ్మకాయ 1, కొత్తిమీర, మిరియాలపొడి, ఉప్పు చాలును.

రొయ్య గట్టిగా, మెరయుచు ఉండవలెను. ఘాటైన దుర్వాసన కొట్టునది వాడరాదు. వీపుమీది నల్లని ప్రేగును తీసి కడుగుడు. మరుగు ఉప్పునీటిలో వేసి 2, 3 నిమిషములు ఉడికించినచో కండ తెల్లబడి వంపు తిరుగును. అంతకు మించినచో రబ్బరువలె సాగును. వెంటనే వార్చి, కాచి చల్లార్చిన నీటిలో ముంచి తీయుడు. తరిగిన కూరగాయలు, నిమ్మరసము, ఉప్పు, మిరియాలపొడి చేర్చి కలుపుడు.

నిమ్మరసము పిండిన పచ్చిరొయ్య ఉడికినట్లేనని కొందరి తలంపు. ఇది సరికాదు. పులుపువలన కండ తెల్లబడును గాని, రోగము కలిగించు సూక్ష్మజీవులన్నియు చావవు. కాబట్టి ముందు ఉడికించియే తీరవలెను. పచ్చిరొయ్య తగిలిన కత్తిని, పీటను సబ్బుతో కడుగక కూరగాయలు తరుగరాదు.

కలిపిన సలాడును 2 గంటలలో, మండువేసవిలో గంటలోపుననే తినవలెను. బయట అంతకుమించి ఉన్నది పారవేయుడు. రొయ్య పడనివారు కొందరుందురు. తిన్నచో దద్దురులు, ఆయాసము రావచ్చును. కనుక వడ్డించుటకు ముందే అతిథులను అడిగి తెలిసికొనుడు.