యంత్రంతో మొదటి మాట

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో పుట్టి పెరిగిన తెలుగు పిల్లవాడికి భాషలను గురించి ఎవరూ ప్రత్యేకించి పాఠం చెప్పనక్కరలేదు. ఇంట్లో అమ్మతో తెలుగు, వీధిలో స్నేహితులతో హిందీ, కూరగాయల బజారులో ఛత్తీస్‌గఢీ, బడిలో ఇంగ్లీషు. పదేళ్లు నిండేసరికి అతడు ఈ నాలుగింటి మధ్య అవలీలగా మసలుతూ ఉంటాడు. వీటిలో ఏది ముందు నేర్చుకోవాలన్న ప్రశ్న అతనికి ఎన్నడూ ఎదురుకాలేదు.

అటువంటి కుర్రవాడే ప్లస్‌టూ ముగించి, కంప్యూటరుకు ఆజ్ఞలిచ్చే భాష ఒకటి నేర్చుకోవాలని సంకల్పించగానే ఆ ప్రశ్న కొండలా ఎదుట నిలుస్తుంది. పక్కింటి ఇంజనీరింగు విద్యార్థి ‘సి’తోనే మొదలుపెట్టాలంటాడు. బంధువు ఒకాయన జావా వస్తేనే ఉద్యోగమంటాడు. స్నేహితుడు పైథాన్ అంటాడు. ఇంటర్నెట్టు తెరిస్తే లెక్కలేనన్ని కోర్సులు, ఒక్కొక్కదానికి ఒక్కొక్క ప్రలోభం. వాటిని పోల్చి చూసుకోవడంలోనే నెలలు గడిచిపోతాయి. చివరికి ఒక్క ప్రోగ్రామైనా రాసి ఉండడు.

ఈ సందిగ్ధం చిన్నదిగా కనిపించవచ్చు. కాని బిలాస్‌పూర్ వంటి ఊళ్లో దీని వెనుక ఒక కుటుంబపు భవిష్యత్తు ఉంటుంది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఈ ప్రాంతానికి పట్టాలు పరచింది. ఆ సంస్థ మార్గాలు తరువాతి కాలంలో విశాఖపట్టణం దాకా విస్తరించాయి. ఉత్తర కోస్తా జిల్లాలనుంచి తెలుగువారు ఆ పట్టాల వెంబడే పని వెతుక్కుంటూ వచ్చి, ఇక్కడి రైల్వే బస్తీలలో స్థిరపడ్డారు. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వే ఏర్పడినప్పుడు బిలాస్‌పూర్ దానికి ప్రధాన కేంద్రమయింది. అయినా తాతనుంచి మనుమడి దాకా రైల్వే కొలువే అన్న రోజులు గతించాయి. ఒక్కొక్క ఉద్యోగానికి వేలాదిమంది పోటీపడే కాలమిది. అందువల్ల తండ్రి జీతంలోంచి మిగిల్చిన సొమ్ముతో కొడుకో కూతురో ఏ చదువు ఎంచుకోవాలన్నది ఆ ఇంట్లో అందరూ కూర్చుని ఆలోచించే విషయమవుతుంది.

ఒక పాత తగవు

మొదటి భాషను గురించిన తగవు నేటిది కాదు. 1964లో అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీకి చెందిన జాన్ కెమెనీ, థామస్ కర్ట్జ్ అనే ఇద్దరు గణితాచార్యులు బేసిక్ అనే భాషను రూపొందించారు. శాస్త్ర విద్యార్థులకే పరిమితమైన కంప్యూటరును సాహిత్యమూ చరిత్రా చదివేవారికి కూడా అందుబాటులోకి తేవడం వారి ఆశయం. ఆ ఆశయం ఫలించింది. అయితే 1975లో ప్రఖ్యాత డచ్చి కంప్యూటరు శాస్త్రజ్ఞుడు ఎడ్‌స్గర్ డైక్‌స్ట్రా బేసిక్‌మీద విరుచుకుపడ్డాడు. ముందుగా ఆ భాష పట్టుబడిన విద్యార్థికి మంచి ప్రోగ్రాము రాయడం నేర్పడం దాదాపు అసాధ్యమని ఆయన తీర్పు.

చరిత్ర మరొకవిధంగా నడిచింది. బడిలో బేసిక్‌తో ఓనమాలు దిద్దిన బిల్ గేట్స్, తన మిత్రుడు పాల్ ఆలెన్‌తో కలిసి అదే 1975లో మైక్రోసాఫ్ట్ సంస్థను స్థాపించాడు. వారి తొలి సరుకు కూడా బేసిక్ భాషకు సంబంధించినదే. డైక్‌స్ట్రా సామాన్యుడు కాడు. ఆ భాషలో లోపాలు లేకపోలేదు. కాని మొదటి భాష మనిషి తలరాతను నిర్ణయిస్తుందన్న భయానికి మాత్రం ఆధారం దొరకలేదు.

భాషల ఆయుర్దాయం విషయంలోనూ జనం తొందరపడి తీర్పులిస్తూ ఉంటారు. ‘ఆ భాష పాతబడిపోయింది’ అన్న మాట తరచు వినబడుతుంది. ఫోర్‌ట్రాన్ 1957లో వెలువడింది. సి భాష 1970 దశకం తొలినాళ్లలో డెన్నిస్ రిచీ చేతిలో రూపుదిద్దుకుంది. 1994లో సికింద్రాబాదులో మొదటిసారి అమలులోకి వచ్చి, తరువాత దేశమంతటా రైల్వే రిజర్వేషన్ కేంద్రాలను ఒక్కటిగా కలిపిన ‘కన్సర్ట్’ వ్యవస్థను రాసింది ఈ రెండు భాషలలోనే. పాతబడిందన్న భాష అన్నం పెట్టలేదనుకోవడం పొరపాటు.

నూటపది కిలోమీటర్ల లెక్క

అయితే ఏ భాష అయినా ఒకటేనా? కాదు. తేడా ఎక్కడుందో ఒక చిన్న లెక్కతో తెలుసుకోవచ్చు. బిలాస్‌పూర్ నుంచి రాయపూర్‌కు రైలుమార్గం సుమారు 110 కిలోమీటర్లు. బండి గంటకు సగటున 60 కిలోమీటర్ల వేగంతో పోతే ఎంతసేపు పడుతుంది? 110ని 60తో భాగించమని కంప్యూటరును అడగాలి.

సి భాషలో రెండు పూర్ణసంఖ్యలుగా ఇచ్చి భాగించమంటే, యంత్రం నిస్సంకోచంగా ‘1’ అని జవాబిస్తుంది. పూర్ణసంఖ్యలను పూర్ణసంఖ్యగానే భాగించి, శేషాన్ని వదిలివేయడం దాని ధర్మం. యాభై నిమిషాల ప్రయాణం మాయమైపోతుంది! పైథాన్‌ను అడిగితే 1.8333 అంటూ దశాంశాలతో సహా చెబుతుంది. మొదటిది విద్యార్థిని ఆపి, యంత్రం లోపల సంఖ్యలు ఎలా నిలువ ఉంటాయో ఆలోచించమంటుంది. రెండవది ఆ బాధను కొంతకాలం తప్పించి, ముందు లెక్కమీద మనసు పెట్టనిస్తుంది.

కాని అసలు పరీక్ష ఆ తరువాత వస్తుంది. 1.83 గంటలంటే ఒక గంట ఎనభైమూడు నిమిషాలు కాదు. ఒక గంట యాభై నిమిషాలు. దశాంశ భాగాన్ని అరవైతో గుణించాలన్న సంగతి ఏ భాషా దానంతట అది చెప్పదు. అడిగేవాడికే తెలియాలి. సమస్యను చిన్న చిన్న అడుగులుగా విడదీసి, ఏ అడుగు తరువాత ఏ అడుగో నిర్ణయించే ఆ ఆలోచనే ప్రోగ్రామింగు. భాష దానికి వాహనం మాత్రమే.

ఎవరికి ఏది?

ఈ దృష్టితో చూస్తే ఎంపిక అంత కష్టం కాదు. పన్నెండేళ్లలోపు పిల్లలకు మసాచూసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ 2007లో విడుదల చేసిన స్క్రాచ్ అనువైనది. అందులో ఆజ్ఞలు రంగురంగుల దిమ్మెల రూపంలో ఉంటాయి. పిల్లలు వాటిని ఒకదానికొకటి తగిలించి బొమ్మలను ఆడిస్తారు. అక్షరదోషాల బెడద ఉండదు.

హైస్కూలు దాటినవారికి, ఏ శాఖలో చదివినవారికైనా, పైథాన్ సుగమమైన ద్వారం. నెదర్లాండ్స్‌కు చెందిన గీడో వాన్ రోసమ్ 1991లో లోకానికి అందించిన ఈ భాషలో, తెరమీద ఒక పలకరింపు చూపించడానికి ఒక్క పంక్తి చాలు. నేటి పైథాన్‌లో విలువలకు పెట్టుకునే పేర్లు తెలుగులో కూడా రాసుకోవచ్చు. దూరం, వేగం, కాలం అన్న మాటలే లెక్కలో నిలుస్తాయి. వెబ్‌సైట్లు నిర్మించాలన్న కోరిక ఉన్నవారు 1995లో పుట్టిన జావాస్క్రిప్ట్‌తో ఆరంభించవచ్చు. దానికి బ్రౌజరు ఒక్కటి ఉంటే చాలు. యంత్రపు లోగుట్టు తెలుసుకోగోరే ఇంజనీరింగు విద్యార్థికి సి భాష కఠినుడైనా మేలుకోరే గురువు. కాలేజీలో ఇప్పటికే ఒక భాష చెబుతున్నట్లయితే దానినే గట్టిగా పట్టుకోవడం అన్నిటికన్నా తెలివైన పని.

నూటికి ముగ్గురు

భాష కుదిరిన తరువాత గురువును వెతకాలి. బిలాస్‌పూర్ విద్యార్థి ఇందుకోసం ఊరు విడిచి పోనక్కరలేదు. ఐ.ఐ.టి.లు, బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ కలిసి 2003లో ప్రారంభించిన ఎన్.పి.టి.ఇ.ఎల్. ద్వారా పైథాన్, సి వంటి భాషల పాఠాలు ఉచితంగా లభిస్తున్నాయి. ధ్రువపత్రం కావాలనుకున్నవారే రుసుము చెల్లించి పరీక్షకు కూర్చోవాలి. బొంబాయి ఐ.ఐ.టి.వారి స్పోకెన్ ట్యుటోరియల్ పథకం మరొక విధమైనది. సుమారు పది నిమిషాల చిన్న పాఠాలు. అనేక భారతీయ భాషలలో కంఠం వినిపిస్తూ ఉండగా, విద్యార్థి పక్కనే తన కంప్యూటరుమీద అదే పని చేసి చూసుకుంటాడు. ఇంగ్లీషు ఉపన్యాసం వేగాన్ని అందుకోలేనివారికి ఇది గొప్ప ఆసరా. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ మలాన్ బోధించే ప్రసిద్ధ కోర్సు కూడా ఉచితమే. అందులో విద్యార్థులు స్క్రాచ్‌తో ఆరంభించి సికి, అక్కడినుంచి పైథాన్‌కు కొద్ది వారాలలోనే దాటుతారు. భాష మారినా ఆలోచన మారదని చాటడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కరలేదు.

ఇంత సంపద ఉచితంగా ఉన్నప్పుడు లోపం ఎక్కడ? 2019 జనవరిలో ‘సైన్స్’ పత్రికలో వెలువడిన ఒక పరిశీలన ఇందుకు సమాధానమిస్తుంది. హార్వర్డ్, ఎం.ఐ.టి. సంస్థలు ఇంటర్నెట్టులో నడిపిన కోర్సులను పరిశోధకులు పరిశీలించారు. 2017–18లో చేరినవారిలో చివరిదాకా నిలిచినవారు నూటికి సుమారు ముగ్గురు! ధ్రువపత్రానికి సొమ్ము చెల్లించినవారిలో మాత్రం 46 శాతం పూర్తిచేశారు. సొమ్ములో మహిమ ఉందని దీని అర్థం కాకపోవచ్చు. పూర్తిచేయాలని ముందే నిశ్చయించుకున్నవారే సొమ్ము కట్టి ఉండవచ్చు. ఎటు చూసినా, తలుపు తెరిచి ఉన్నంతమాత్రాన లోపలికి నడిచినట్లు కాదన్నది స్పష్టం.

కనుక కోర్సును ఎంచుకునేటప్పుడు అడగవలసిన ప్రశ్నలు వేరు. ఉపాధ్యాయుని మాట ఆపి ఆపి వినకుండానే అర్థమవుతున్నదా? ప్రతి పాఠానికీ స్వయంగా చేయవలసిన అభ్యాసం ఉన్నదా? తప్పు చేస్తే తెలియజెప్పే ఏర్పాటు ఉన్నదా? మొదటి రెండు పాఠాలు ఉచితంగా చూడనిస్తారా? ఉద్యోగం ఖాయమని వాగ్దానం చేసి, ముందుగా పెద్ద మొత్తం గుంజేవారి విషయంలో జాగరూకత అవసరం. వీలైతే కాలనీలోనే మరొక విద్యార్థిని జతచేసుకోవాలి. ఒకరికి ఒకరు జవాబుదారీగా ఉన్నచోట పాఠం మధ్యలో ఆగడం అరుదు. ఫోనుమీద పాఠం వినవచ్చు గాని, అభ్యాసానికి కీబోర్డు ఉన్న కంప్యూటరు సంపాదించుకోవాలి, అది పాతదైనా సరే.

అడిగినదే తడవుగా ప్రోగ్రాము రాసి ఇచ్చే కృత్రిమ మేధ సాధనాలు ఇప్పుడు అందరి చేతిలోనూ ఉన్నాయి. తన తప్పు ఎక్కడుందో చూపమని వాటిని అడిగే విద్యార్థి బాగుపడతాడు. జవాబే రాసి పెట్టమని అడిగేవాడు ఇతరుల చేత కసరత్తు చేయించి కండలు పెరగాలని కోరుకున్నవాడవుతాడు. గంట ఎనభైమూడు నిమిషాలన్న జవాబు కళ్లెదుట నిలిస్తే, అది తప్పని గుర్తించగల చూపు అభ్యాసంవల్లనే అలవడుతుంది.

పరాయి భాష నడిమధ్యన కాపురం పెట్టిన ఆ తొలితరం తెలుగువారు వ్యాకరణం ముగించి హిందీ మాట్లాడలేదు. అవసరం కొద్దీ పది మాటలతో మొదలుపెట్టారు, తప్పులు మాట్లాడారు, నవ్వినవారిని నవ్వనిచ్చారు. ఏడాది తిరిగేసరికి బజారు వారిదయింది. వారి మనుమలు యంత్రం ముందు కూర్చుని చేయవలసినదీ అదే. ఒక భాష, ఒక కోర్సు, రోజుకొక గంట, ఆరు నెలలు. ఆ తరువాత రెండవ భాష నేర్చుకోవడం ఎంత తేలికో నాలుగు భాషలు నేర్చిన బిలాస్‌పూర్ పిల్లలకు ఒకరు చెప్పవలసిన పనిలేదు.