రాయి మింగిన ఆడా

అదో చిన్న ఊరు. అందులో ఓ బ్యూటీ పార్లర్. దాన్ని నడిపే ఆడా మగవాడే. మనసు పడేదీ మగవాళ్ల మీదే. ఒకసారి ప్రేమించి దెబ్బతిన్నాడు. అందుకే డోడాంగ్ అనే కుర్రాడంటే ప్రాణమైనా పెదవి విప్పడు. ఓరోజు స్నానం చేస్తుంటే పైనుంచి ఓ రాయి వచ్చి నెత్తిన పడింది. 'మింగెయ్' అంటూ వెంటపడ్డాడు పార్లర్‌లో పనిచేసే డిడి. మింగి, 'జటూర్నా' అని అరిచాడో లేదో... ఎర్రజుట్టుతో, కండలు తిరిగిన వీరనారి ప్రత్యక్షం!

ఫిలిప్పీన్స్‌ని కడుపుబ్బ నవ్వించి, ఆపైన ఆలోచనలో పడేసిన 'జాజా జటూర్నా' కథ ఇది. కార్లో వెర్గారా 2002లో కామిక్ పుస్తకంగా తెచ్చాడు. 2006లో టాంఘలాంగ్ పిలిపినో అనే నాటక సంస్థ దాన్ని మనీలాలోని కల్చరల్ సెంటర్‌లో సంగీత నాటకంగా ప్రదర్శించింది.

ఒక పాత్ర... ఇద్దరు నటులు

కాగితం మీదైతే ఏ బొమ్మైనా గీయొచ్చు. రాక్షస కప్పనీ, నడిచొచ్చే శవాలనీ, వేరే గ్రహం నుంచి దిగిన రాణినీ స్టేజీ మీద చూపించడమెలా? దర్శకుడు క్రిస్ మిలాడో ముందున్న చిక్కు ఇదొక్కటే కాదు. మగవాడు క్షణంలో ఆడదైపోవాలి. అందుకే ఆడాగా టక్స్ రుటాకియో, జటూర్నాగా ఈలా వాల్డెజ్ నటించారు. రూపం మారినా లోపలున్నది ఆడానే అని ప్రేక్షకుడు నమ్మాలి. ఆ బరువు మోసింది పాటలే. క్రిస్ మార్టినెజ్ నాటకం రాస్తే, విన్సెంట్ డి జీసస్ పాటలు కట్టాడు. నోటితో చెప్పుకోలేని మాటను పాటలో చెప్పించడమేగా సంగీత నాటకం గొప్పతనం!

మగవాళ్లు ఆడవేషం కట్టడం మనకు కొత్తేం కాదు. స్థానం నరసింహారావు, వేదాంతం సత్యనారాయణ శర్మలను చూసి మురిసిపోయినవాళ్లమే. కానీ అక్కడ రంగు కడిగేస్తే పాత్ర ముగుస్తుంది. ఇక్కడ అసలు కథ మొదలయ్యేది వేషం తీసేశాకే. జటూర్నాకి ఊరంతా జేజేలు కొడుతుంది. మరి ఆడాకి?

నవ్వు ఎవరి మీద?

రాయి మింగి వీరనారిగా మారే 'డార్నా'ని ఫిలిప్పీన్స్ పిల్లలు 1950 నుంచే కామిక్స్‌లో చదువుకున్నారు. వెర్గారా ఆ రాయిని తీసుకెళ్లి పార్లర్ నడిపే ఆడా చేతిలో పెట్టాడు. అలాంటివాళ్లను అక్కడ 'బక్లా' అంటారు. సరదాగా అంటే పిలుపు, ఈసడింపుగా అంటే తిట్టు. మన సినిమాల్లోలాగే అక్కడా వాళ్లది చాలాకాలం కామెడీ ట్రాకే. ఈ నాటకంలోనూ నవ్వులకు కొదవలేదు. కాకపోతే జనం ఆడాని చూసి కాదు, ఆడాతో కలిసి నవ్వారు. అదే ఏడాది డిసెంబరులో కథ సినిమాగానూ వచ్చింది.

హాలు బయట మాత్రం పరిస్థితి అంత సులువుగా మారలేదు. 2009లో ఇలాంటివారి తరఫున 'ఆంగ్ లాడ్లాడ్' పార్టీ ఎన్నికల బరిలో దిగబోతే, నీతికి విరుద్ధమంటూ ఎన్నికల సంఘం గుర్తింపు ఇవ్వలేదు. 2010లో సుప్రీంకోర్టు జోక్యం చేసుకున్నాకే దారి దొరికింది.

ఇంతకీ డోడాంగ్ సంగతి? ఎవరి కళ్లయినా జటూర్నా మీదే ఉంటాయి కదా, అతనూ ఆమెనే కోరుకుంటాడని ఆడా బెంగ. రాక్షస కప్పను మట్టికరిపించిన మనిషికి ఆ ఒక్క ప్రశ్న అడగడానికి ధైర్యం చాలదు. చివరికి డోడాంగే నోరు విప్పుతాడు. తన మనసులో ఉన్నది జటూర్నా కాదట... పార్లర్‌లో కత్తెర పట్టుకుని నిలబడే ఆడానేనట!