బిల్లు ఒక దారిన, ఆఫరు ఇంకో దారిన

గుంటూరులో పచ్చళ్లు పట్టి, అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఆన్‌లైన్‌లో అమ్మే ఒక సంస్థను ఊహించుకోండి. ఉగాదికి వారం ముందు పాత కొనుగోలుదారులకూ, ఎప్పుడో సైటులో పేరు నమోదు చేసుకుని మళ్లీ అటు తొంగిచూడని వాళ్లకూ కలిపి ఒక ఆఫర్ మెయిల్ పంపారు. చాలామంది పట్టించుకోలేదు. కొందరు విసుగొచ్చి 'స్పామ్' నొక్కారు. రెండు రోజులకు డాలస్ నుంచి ఒకావిడ ఫోన్: "డబ్బు కట్టానండీ, రసీదు ఇంకా రాలేదేం?" రసీదు వెళ్లింది. కాకపోతే ఆవిడ స్పామ్ ఫోల్డర్లో పడి ఉంది.

ఆఫర్ చేసిన తప్పు రసీదుకు చుట్టుకుంది. రెండూ ఒకే డొమైన్ నుంచి వెళ్లడమే కారణం. జీమెయిల్, యాహూ లాంటి సంస్థలు మెయిల్ పంపే ప్రతి డొమైన్‌కూ ఒక పరపతి లెక్కగడతాయి. ఎంతమంది స్పామ్ అన్నారు, లేని చిరునామాలకు ఎన్ని పంపారు, నిన్నటిదాకా వందల్లో పంపినవాళ్లు ఇవాళ ఉన్నట్టుండి వేలల్లో ఎందుకు పంపుతున్నారు అన్నవన్నీ ఆ లెక్కలోకి వస్తాయి. పరపతి పడిపోతే ఆ పేరుతో వెళ్లే ప్రతి మెయిలూ అనుమానితమే. రసీదైనా, ఓటీపీ అయినా, పాస్‌వర్డ్ మార్చుకునే లింకైనా అంతే.

2024 ఫిబ్రవరి నుంచి ఈ లెక్క మరీ కఠినమైంది. వ్యక్తిగత జీమెయిల్ ఖాతాలకు రోజుకు సుమారు 5,000, అంతకు మించి పంపేవారికి గూగుల్ నిబంధనలు పెట్టింది. యాహూ కూడా అదే బాట పట్టింది. 2025 మే నుంచి మైక్రోసాఫ్ట్ తన ఔట్‌లుక్ ఖాతాల విషయంలో ఇలాంటివే తెచ్చింది. స్పామ్ ఫిర్యాదులు 0.1 శాతం లోపే ఉండాలనీ, 0.3 శాతాన్ని ఎన్నడూ తాకకూడదనీ గూగుల్ చెబుతోంది. శాతాల్లో చూస్తే ఇది చిన్నగా కనిపిస్తుంది గానీ, మనుషుల్లో లెక్కేయండి: ఇన్‌బాక్సుకు చేరిన ప్రతి వెయ్యి మెయిళ్లకు ముగ్గురు విసుక్కుంటే చాలు, గీత దాటినట్టే. అడగనివాళ్లకు పండగ ఆఫర్ పంపితే ఆ ముగ్గురు దొరకడం ఏమంత కష్టం కాదు.

అందుకే రెండు రకాల మెయిళ్లనూ విడదీయాలి. ఇక్కడే చాలామంది పొరపాటు దారి తొక్కుతారు: ఆఫర్ల కోసం అసలు పేరును పోలిన కొత్త డొమైన్ ఒకటి కొంటారు. నా మటుకు నేను ఇది వద్దంటాను. కొత్త పేరుకు పరపతి సున్నా. పైగా అసలు పేరుకు ఒక అక్షరమో, చిన్న గీతో అటూ ఇటూ చేసిన పేర్లు వాడేది మోసగాళ్లు. ఆ బెడద తగ్గించడానికే రిజర్వ్ బ్యాంకు మన బ్యాంకులన్నిటినీ 2025 అక్టోబరు 31లోగా 'బ్యాంక్.ఇన్' చిరునామాలకు మారమంది. జనం పేరు చూసి నమ్మడం నేర్చుకుంటున్న రోజుల్లో మన పేరును మనమే గజిబిజి చేసుకోకూడదు.

సరైన దారి ఉపడొమైన్. అసలు పేరు అలాగే ఉంచి, దాని ముందు ఒక మాట చేర్చడమే: ఆఫర్లకు 'న్యూస్.మీపేరు.కామ్', రసీదులకు 'బిల్లు.మీపేరు.కామ్', ఆఫీసు ఉద్యోగుల ఉత్తరాలకు ఏమీ చేర్చని 'మీపేరు.కామ్'. చూసేవాళ్లకు మూడూ ఒకే ఇంటివని తెలుస్తుంది. పరపతి మాత్రం చాలావరకు దేనిది దానికే పోగవుతుంది.

ప్రతి ఉపడొమైన్‌కూ మూడు పత్రాలు సరిగ్గా ఉండాలి. ఎస్‌పీఎఫ్ అంటే ఆ పేరుతో ఏ సర్వర్లు మెయిల్ పంపవచ్చో చెప్పే జాబితా. డీకిమ్ అంటే ప్రతి మెయిల్ మీదా పడే డిజిటల్ సంతకం. ఈ రెండింటిలో ఏ ఒక్కటీ 'ఫ్రమ్'లో కనిపించే పేరుతో కలవకపోతే ఆ మెయిల్‌ను ఏం చేయాలో చెప్పేది డీమార్క్. మీవి సరిగ్గా ఉన్నాయో లేదో ఇప్పుడే చూసుకోవచ్చు. మీ సంస్థ పంపిన రసీదును కంప్యూటర్లో జీమెయిల్ తెరిచి చూడండి, కుడివైపు మూడు చుక్కలు నొక్కి 'షో ఒరిజినల్' ఎంచుకోండి. పైన చిన్న పట్టికలో మూడింటి పక్కనా 'పాస్' అని ఉండాలి. డీకిమ్ పక్కన మీ డొమైన్ కాకుండా మెయిల్ సేవ అమ్మిన కంపెనీ పేరు కనిపిస్తే, సంతకం మీది కాదన్నమాట. విడదీయడంలో ఇంకో లాభం: ఎస్‌పీఎఫ్ జాబితా కోసం డీఎన్ఎస్‌ను, అంటే డొమైన్ల వివరాలుండే చిట్టాను, పదిసార్లకు మించి వెతికించకూడదు. అన్ని సేవలనూ ఒకే పేరు కింద పెడితే ఆ పది ఇట్టే అయిపోతాయి.

అయితే ఉపడొమైన్ అడ్డుగోడ కాదు. రోజుకు 5,000 అన్న లెక్కలో గూగుల్ ఉపడొమైన్లన్నిటినీ అసలు పేరు కిందే కలుపుతుంది. ఆఫర్ల వైపు ఫిర్యాదులు హద్దు మీరితే ఆ మరక మెల్లగా అసలు పేరుకూ పాకుతుంది. కాబట్టి జాబితా శుభ్రంగా ఉండాలి, ఒక్క నొక్కుతో ఆపుకునే వీలుండాలి, ఆపమన్నవాళ్లకు రెండు రోజుల్లోగా ఆపాలి. రసీదు అడుగున కూపన్ అతికించడం మానాలి. అలా అతికించిన రోజు రసీదు కూడా ప్రకటనే అవుతుంది. మన దేశంలో ఎస్సెమ్మెస్‌లలో ఈ తేడా ఇప్పుడు బయటికే కనిపిస్తోంది: పంపినవారి పేరు చివర పీ ఉంటే ప్రకటన, టీ ఉంటే లావాదేవీ. ఈమెయిల్‌కు అలాంటి గుర్తు లేదు, ఆ క్రమశిక్షణ పంపేవాళ్లదే.

మార్చేటప్పుడు బాగా నడుస్తున్న రసీదుల దారిని కదపకండి. ముందు ఆఫర్లను కొత్త ఉపడొమైన్‌కు తరలించండి. మొదటి వారాల్లో మీ మెయిళ్లు ఇష్టంగా తెరిచే కొద్దిమందికే పంపి, సంఖ్యను మెల్లగా పెంచండి. ఏడాదిగా ఒక్క మెయిలూ తెరవనివాళ్లను అసలు తీసుకెళ్లకండి. నెలకు వందో రెండొందలో మెయిళ్లు పంపే చిన్న దుకాణమైతే ఇంత ఏర్పాటు అక్కర్లేదు; ఎస్‌పీఎఫ్, డీకిమ్ సరిచూసుకుని, రసీదులకు ఒక చిరునామా, కబుర్లకు ఇంకొకటి పెట్టుకుంటే సరిపోతుంది.