రెండు సీట్ల విమానం: ఒక రైతుబిడ్డ పరిశీలన

కోడెకు కాడి అలవాటు చేయడం మీలో ఎంతమంది చూశారో నాకు తెలియదు. మా ఇంట్లో ఎడ్లు ఉన్నన్నాళ్ళూ నేను చూశాను. కొత్త కోడెను ఎవరూ దాని జతవాడైన ఇంకో కోడెతో కట్టరు. పని తెలిసిన పెద్దెద్దు పక్కన కడతారు. కోడె అటూ ఇటూ లాగితే పెద్దెద్దు సర్దుకుంటుంది. నాలుగు రోజులకు కోడె దారిలో పడుతుంది.

విమానం నడపడం కూడా ఇలాగే నేర్పుతారని, కిందటేడు ఒక ఫ్లయింగ్ క్లబ్బులో సెస్నా 152 విమానాన్ని దగ్గరగా చూసినప్పుడు తెలిసింది. అందులో రెండే సీట్లు. ఒకటి శిష్యుడికి, ఒకటి గురువుకి. ఇద్దరి ముందూ చెరొక చక్రం. ఒకటి తిప్పితే రెండోదీ తిరుగుతుంది. ఆ చక్రాన్ని ఇంగ్లీషులో యోక్ అంటారు. యోక్ అంటే ఏమిటో డిక్షనరీలో చూశాను. కాడి!

ఇంకో విశేషం. ఈ కంపెనీకి పేరు ఇచ్చిన క్లైడ్ సెస్నా కూడా రైతు కుటుంబంలో పెరిగినవాడే. అమెరికాలో కాన్సాస్ రాష్ట్రం గోధుమ పండే నేల. పొలం యంత్రాలు బాగుచేసుకునే ఆ మనిషి 1911లో సొంతంగా విమానం తయారుచేసుకుని, నేర్పేవాళ్ళు లేక తనంతట తానే ఎగరడానికి ప్రయత్నించి, ఎన్నోసార్లు కూలదోసుకుని, మళ్ళీ అతికించుకుని చివరికి ఎగిరాడు. 1927లో కంపెనీ పెట్టాడు. తర్వాత దాన్ని మేనల్లుళ్ళకు అప్పగించి తిరిగి సేద్యానికి పోయాడు. అతడిది పక్కన పెద్దెద్దు లేని చదువు. అతని పేరుతో ఉన్న కంపెనీయే తర్వాత కొత్తవాళ్ళకు నేర్పే విమానాల్లో పేరు తెచ్చుకుంది.

ఇక నిర్మాణం సంగతి. సెస్నా 150 మొదటిసారి 1957 సెప్టెంబరులో ఎగిరింది. దీనికి ముందు వచ్చిన సెస్నా 140కి చిన్న చక్రం తోక కింద ఉండేది. అటువంటి విమానంలో గరిమనాభి పెద్ద చక్రాలకు వెనుక ఉంటుంది. నేల మీద పరుగెత్తేటప్పుడు ముక్కు కాస్త పక్కకి తిరిగిందా, వెనకనున్న బరువు తోసుకొచ్చి విమానాన్ని గిర్రున తిప్పేస్తుంది. 150లో మూడో చక్రాన్ని ముక్కు కిందికి తెచ్చారు. గరిమనాభి పెద్ద చక్రాలకు ముందుకొచ్చింది. ఇప్పుడు ముక్కు పక్కకి పోయినా ఆ బరువే దాన్ని తిరిగి దారికి తెస్తుంది. బండిని వెనకనుండి తొయ్యడానికీ, ముందునుండి లాగడానికీ ఉన్న తేడాయే ఇది.

రెక్కలు తల మీద ఉంటాయి. పెట్రోలు ట్యాంకులు ఆ రెక్కల్లోనే. మన మేడ మీది నీళ్ళ ట్యాంకు లాగా పెట్రోలు తన బరువుతో తానే ఇంజనుకు దిగుతుంది. పంపు లేదు కనుక పంపు చెడిపోయే భయమూ లేదు. ఇంజనులో నాలుగు సిలిండర్లు, సిలిండరుకు రెండేసి ప్లగ్గులు, వాటికి వేర్వేరు మాగ్నెటోలు. బ్యాటరీ చచ్చినా ఇంజను ఆగదు.

అన్నిటికన్నా నాకు నచ్చింది రెక్క. వేగం తగ్గి, ముక్కు మరీ పైకెత్తితే రెక్క మీది గాలి చెదిరిపోయి లిఫ్ట్ పడిపోతుంది. దీన్నే స్టాల్ అంటారు. కొత్తవాళ్ళు చేసే పెద్ద తప్పు ఇదే. అందుకని రెక్కను కొద్దిగా మెలితిప్పి, మొదలు దగ్గర కంటే చివర కోణం తక్కువ ఉండేలా అమర్చారు. దానివల్ల స్టాల్ మొదలు దగ్గర ముందుగా వస్తుంది. చివరనుండే ఐలరాన్లు ఇంకా పనిచేస్తూ ఉంటాయి. తప్పు దిద్దుకోవడానికి వ్యవధి దొరుకుతుందన్నమాట.

అంతేగాక, ఎడమ రెక్క ముందు అంచున ఒక చిన్న రంధ్రం ఉంటుంది. స్టాల్ దగ్గర పడ్డప్పుడు అక్కడ పీడనం తగ్గి, లోపలున్న పీక గుండా గాలి లాగబడి బూర మోగుతుంది. కరెంటు అక్కరలేదు. అక్కడి మెకానిక్కు రంధ్రం మీద చేతిరుమాలు వేసి నోటితో గాలి పీల్చి మోగించి చూపించాడు. చిన్నప్పటి తిరనాళ్ళ బూర గుర్తొచ్చి నవ్వొచ్చింది.

ఇప్పుడు రకాలు చూద్దాం. మొదటి 150 ఇంజను 100 అశ్వశక్తి కాంటినెంటల్. 1964 మోడలులో వెనక వీపు భాగం తగ్గించి అద్దం పెట్టారు. అంతకుముందు వెనక్కి కనిపించేది కాదు. 1966 మోడలులో తోక వెనక్కి వాలింది, చేత్తో లాగే ఫ్లాపులకు విద్యుత్ మోటారు వచ్చింది. 1970లో పల్టీలు కొట్టగల ఏరోబాట్ వచ్చింది. మామూలు 150 తన బరువుకు 4.4 రెట్ల భారం తట్టుకునేలా కడితే, ఏరోబాట్‌ను 6 రెట్లకు కట్టారు. ఫ్రాన్సులోని రీమ్స్‌లో కూడా ఇవి తయారయ్యేవి. అక్కడి ఏరోబాట్లలో ఒక రకానికి 130 అశ్వశక్తి రోల్స్ రాయిస్ ఇంజను అమర్చారు.

1977లో 150 స్థానంలో 152 వచ్చింది. కారణం పెట్రోలు! పాత ఇంజను 80 ఆక్టేన్ పెట్రోలుకు తయారైంది. అది దొరకడం తగ్గి, 100 ఎల్.ఎల్. అనే కొత్త రకం వచ్చింది. ఎల్.ఎల్. అంటే సీసం తక్కువ అని అర్థం. తక్కువన్నది అంతకు ముందున్న 100 ఆక్టేనుతో పోల్చి చెప్పిన మాట. 80 ఆక్టేనుతో పోలిస్తే సీసం నాలుగు రెట్లు! పాత ఇంజన్లలో ప్లగ్గులకు సీసం పట్టసాగింది. మందు కొట్టే తైవాన్ స్ప్రేయరుకు ప్లగ్గు మసిపట్టి మా నాన్న ఎన్నిసార్లు విసుక్కున్నాడో తెలిసినవాణ్ణి కనుక ఈ బాధ నాకు తేలిగ్గానే అర్థమైంది. 152కు 110 అశ్వశక్తి లైకమింగ్ ఇంజను పెట్టారు. మొత్తం బరువు 726 కిలోల నుండి 757 కిలోలకు పెంచారు.

ఇంకొక మార్పు మరీ గమనించదగ్గది. 150లో ఫ్లాపులు 40 డిగ్రీల దాకా దిగేవి. నిటారుగా దిగడానికి అది మంచిదే. కానీ దిగడం కుదరక మళ్ళీ పైకి లేవాల్సి వస్తే, ఆ ఫ్లాపులకు తగిలే గాలిని చిన్న ఇంజను ఈడ్వలేక ఆపసోపాలు పడేది. కంగారులో శిష్యుడు ఫ్లాపులు ఎత్తడం మరిచాడా, అంతే సంగతులు. 152లో ఫ్లాపుల్ని 30 డిగ్రీల దగ్గరే ఆపేశారు.

1985లో 152 తయారీ ఆగింది. ప్రమాదాల దావాల ఖర్చు భరించలేక మరుసటి సంవత్సరం కంపెనీ ఒంటి ఇంజను చిన్న విమానాలన్నిటినీ ఆపేసింది. 1996లో మళ్ళీ మొదలుపెట్టినా 152 మాత్రం తిరిగి రాలేదు. 2009లో రెండు సీట్లతోనే 162 అనే కొత్త విమానాన్ని అందించింది గానీ, రెండు వందలు కూడా అమ్ముడుపోకుండానే 2013లో మూతపడింది. 150, 152 కలిపి 31 వేల పైచిలుకు తయారయ్యాయి. నలభయ్యేళ్ళు దాటినవి ఇంకా పాఠం చెబుతూనే ఉన్నాయి.

ఇదంతా ఎందుకు రాశానంటే, ఒక చిన్న కారణం ఉంది. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి వచ్చినవాణ్ణి. మొదటి సంవత్సరం ఫిజిక్సు మొదటి పరీక్షలో నాకు వచ్చిన మార్కులు ఇక్కడ రాయలేను. పెట్టె సర్దుకుని ఊరికి పోయాను. మా నాన్న తిట్టలేదు. "కోడె మొదటి రోజు కాడి కింద పడేస్తే కోడెను అమ్ముకుంటామా?" అన్నాడు. మూడో రోజు బస్సెక్కించాడు. తిరిగొచ్చాక హాస్టల్లో ఒక సీనియర్ రోజూ రాత్రి తన పక్కన కూర్చోబెట్టుకుని లెక్కలు చేయించాడు. ఈ సంవత్సరం నేను అదే బల్ల దగ్గర ఇద్దరు జూనియర్లను కూర్చోబెట్టుకుంటున్నాను.

ఆ విమానాన్ని కట్టినవాళ్ళు శిష్యుడు తప్పు చేయడని అనుకోలేదు. తప్పు చేస్తాడనే అనుకుని, ముందు బూర మోగేలా, ఆ తర్వాత దిద్దుకునే వ్యవధి ఉండేలా కట్టారు. మా లెక్చరర్లకు, తోటి విద్యార్థులకు నా మనవి ఒక్కటే. మన తరగతుల్లో కూడా ఆ బూర పరీక్ష ఫలితాల కన్నా ముందే మోగాలి. పక్క సీటు ఖాళీగా ఉండకూడదు.

— బి.యస్సీ. తృతీయ సంవత్సరం, యం.పి.సి.