అలసట కూడా జబ్బులో భాగమే

మాది దుగ్గిరాల, పసుపు యార్డుకు దగ్గర్లోనే ఇల్లు. నాకు రుమటాయిడ్ ఆర్థరైటిస్. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే కీళ్ల లోపలి పొర మీద దాడి చేసే జబ్బు ఇది. పొద్దున్నే వేళ్లు బిగుసుకుపోతాయి. జడ వేసుకోవడమే పెద్ద పని. ఈ దాడి వల్ల వచ్చే వాపు కీళ్లతో ఆగదు, ఒంట్లో సత్తువనూ లాగేస్తుంది. రాత్రంతా పడుకున్నా ఆ అలసట తీరదు.

చూసేవాళ్లకు ఇదేమీ కనిపించదు. "నిక్షేపంలా ఉన్నావుగా!" అంటారు. అందుకే చాలామంది నోరు విప్పరు.

లూపస్ అనే ఇలాంటి జబ్బుతోనే బతుకుతున్న అమెరికా మహిళ క్రిస్టీన్ మిజరాండినో 2003లో తన ఓపికను చెంచాలతో లెక్కగట్టి చూపింది. చేతిలో ఉన్నవి కొన్నే. స్నానానికొకటి, వంటకొకటి పోతుంది. మా వదినకు అదే చెప్పాను: "తెనాలి ఆస్పత్రికి వెళ్లొచ్చిన రోజు నేను పొయ్యి దగ్గర నిలబడలేను వదినా." ఇప్పుడు ఆ పూట కూర వదినే పంపుతుంది.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. మల్టిపుల్ స్క్లెరోసిస్, పార్కిన్సన్స్ అందులో ఉన్నాయి. నా జబ్బు పేరు లేదు. చట్టంలో పేరు లేకపోయినా ఇల్లు గుర్తించాలి. మీ ఇంట్లో ఎవరైనా ఓపిక లేదంటే నమ్మండి. ఏ పని అందుకోమంటారో అడగండి.