రమ్మని వ్రాసిన ఉత్తరము

పలివెల ఉమాకొప్పేశ్వరస్వామివారి కథ కోనసీమలో తెలియనివారు అరుదు. ప్రసాదముగా ఇచ్చిన పూలదండలో వెంట్రుక కనబడగా, అర్చకుడు భయపడి స్వామికే కొప్పున్నదని రాజుతో బొంకెను. భక్తుని కాపాడుటకై లింగమునకు నిజముగనే కొప్పు మొలిచినదని స్థలపురాణము చెప్పుచున్నది. కొత్త నేలకు రమ్మని మిత్రునికి వ్రాయు ఉత్తరములను గూర్చి ఆలోచించునపుడెల్ల మాకీ కథ గుర్తుకు వచ్చును. ఆ ఉత్తరములలోను చిన్న చిన్న బొంకులుండును. వానిని నిజము చేయుటకు మాత్రము ఏ స్వామియు కొప్పు ధరింపడు.

ఇట్టి ఉత్తరములకు ప్రపంచమున మిక్కిలి పేరుమోసిన చోటు పందొమ్మిదవ శతాబ్దపు అమెరికా. అక్కడ 1862లో వచ్చిన హోమ్‌స్టెడ్ చట్టము ప్రకారము స్వల్పమైన రుసుము చెల్లించి, ఐదేండ్లు కాపురముండి సాగుచేసినవానికి 160 ఎకరముల భూమి దక్కెడిది. ఆ భూమి అంతకుముందు ఆదిమజాతులదన్న మాటను ఎవరును ఎత్తెడివారు కారు. రైలు కంపెనీలు కరపత్రములు పంచినవి. కాని కరపత్రమును నమ్మనివాడు కూడ స్నేహితుని చేవ్రాలును నమ్మును. నార్వే, స్వీడన్ దేశములలో వీనికి అమెరికా ఉత్తరములనియే పేరు. ఒక ఇంటికి వచ్చిన దానిని ఊరంతయు చదివించుకొనెడివారు. నాగలి పోయిన చోటికి వాన వెంట వచ్చునని కూడ ప్రచారము సాగినది. వాన చాలని పడమటి భూములలో నీటి వసతి లేక 160 ఎకరములున్నను కుటుంబము గడవదని జాన్ వెస్లీ పావెల్ 1878లో తన నివేదికలో హెచ్చరించెను. ఆ మాటను వినినవారు కొద్దిమంది. 1890 దశకపు కరవులలో కాన్సాస్, నెబ్రాస్కా పడమటి భాగముల నుండి ఎందరో బండ్లు కట్టుకొని తూర్పునకు మరలిరి.

గోదావరి తీరమువారికి ఆ కాలమున అమెరికా వంటిది రంగం, అనగా రంగూను. కాకినాడలో స్టీమరెక్కి వేలాదిగా వెళ్లిరి. అయితే అక్కడ మనవారికి చిక్కినది భూమి కాదు, కూలి: ధాన్యపు మిల్లులలోను, రేవులోను మోత పని. పిలిచినవాడును తరచు స్నేహితుడు కాడు. బయానా ఇచ్చి కూలీలను చేర్చు మేస్త్రీ. ఆ కథ వేరు.

భూమి కొరకు స్నేహితుని స్నేహితుడు పిలిచిన కథ మనకు తుంగభద్ర ఒడ్డున కనబడును. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిమ్మట డెల్టాలో భూమి బంగారమైనది. బంగారమైనందుననే తండ్రి నాలుగెకరములు కొడుకుల నాటికి ఎకరము చొప్పున చీలినవి. నిజాముసాగరు క్రిందికి కొందరు అంతకుముందే వెళ్లియుండిరి. 1953లో తుంగభద్ర నీరు విడుదలయ్యెను. ఎడమ కాలువ క్రింద గంగావతి, సింధనూరు, మాన్వి ప్రాంతములలో జొన్న, ప్రత్తి పండు నల్లరేగడి చౌకగా దొరికెడిది. ఇచ్చట ఎకరము అమ్మినవాడు అచ్చట పలు ఎకరములు కొనగలిగెను. వెళ్లినవారు పాకలు వేసికొనిన చోట్లకు క్యాంపులని పేరు పడినది. నేటికిని ఆ పేరు పోలేదు. వారు వెళ్లిననాడు అది హైదరాబాదు రాష్ట్రము. 1956 నవంబరు 1 నుండి మైసూరు రాష్ట్రము. పిల్లలు కన్నడ బడికి పోయిరి.

మా బంధువులలో ఒక పెద్దాయన ఆ తొలి రోజులలోనే సింధనూరు దగ్గరకు వెళ్లెను. రెండవ పంట ఇంటికి వచ్చినంతనే పలివెలలోని తన చిన్ననాటి నేస్తమునకు రమ్మని వ్రాసెను. అందులో అసత్యమేమియు లేదని ఆయన చివరివరకును చెప్పెడివాడు. నీరు కాలువనిండ పారుచున్నదని వ్రాసెను. ఆయన చేని గట్టుపై నిలిచి చూచిన అట్లే పారుచుండెను. నేస్తము కొబ్బరితోటను అమ్ముకొని వచ్చెను. అప్పటికి ఎగువ భూముల ధర పెరిగినది. ఆయనకు దొరికినది శివారు ఆయకట్టు.

ఇచ్చట కాలువ సంగతి కొంచెము చెప్పవలెను. ఎడమ కాలువను వరి కొరకు తలపెట్టలేదు. కరవు ప్రాంతములో వీలైనంత ఎక్కువ భూమికి కొద్దికొద్దిగా తడి అందించి, ఎక్కువగా ఆరుతడి పైరులు పండించుట ఉద్దేశము. డెల్టా నుండి వచ్చినవానికి తెలిసినది వరి. నీరు కనబడిన చోట మడి కట్టుట అతని స్వభావము. వరి లాభసాటి కూడ. చూచినవారు స్థానికులును అదియే పట్టిరి. ఎగువవాడు మడి నింపిన కొలది దిగువ తూములకు నీరు తగ్గెను. ఎగువన ముఱుగు పోక కొన్ని భూములు చౌడుబారగా, దిగువన ఎండిపోయినవి. జలాశయములో పూడిక చేరి, మొదట 133 టి.ఎం.సి.లుగా ఉన్న నిలువ ఇప్పుడు సుమారు 105కు దిగినది. గంగావతికి కర్ణాటక అన్నపు గిన్నె అన్న కీర్తి నిజమే. శివారు రైతుల ఆందోళనలును నిజమే.

కనుక పిలుచుటయే తప్పని మేమనము. ఎవరును పిలువకున్న ఆ రేగడిలో సోనామసూరి పండెడిది కాదు, కోనసీమలో ఎకరము మరల అరయెకరమయ్యెడిది. కాని ముందు వెళ్లినవాడు కాలువ మొదట కూర్చుండి వ్రాయును. పిలువబడినవాడు కాలువ చివరకు చేరును. ఇద్దరి నడుమ ఉన్నది అబద్ధము కాదు, దూరము. మీ పొలము తూమునకు ఎంత దూరము, నాట్ల వేళకు నీరు ఏనాటికి చేరును, ముఱుగు ఎటు పోవును, ఇప్పుడు అమ్మకమునకున్న భూమి ఏ తూము క్రిందిది: ఈ నాలుగు మాటలున్న ఉత్తరమే పిలుపు. అవి లేనిది క్షేమసమాచారము.

ఆ పెద్దాయన నేస్తము తిరిగి పలివెల రాలేదు. వచ్చుటకు తోట లేదు. వరి మాని మరల జొన్న, ప్రత్తి వేసి నిలదొక్కుకొనెను. నీరందని ఏడు పెద్దాయన తన ఇంటినుండి ఆయనకు బస్తాలు పంపెడివాడు. ఎందుకని మేమొకసారి అడుగగా, ఉత్తరము వ్రాసినది తానే కదాయని మాత్రము అనెను.